పెద్ద లెన్స్ పెట్టినా గరుకు ప్లేటు మీద సిగ్నల్ ఎందుకు రాదు

ముందు మీరు అడిగింది ఇదేనా చూడండి. 5 మిల్లీవాట్ల హీలియం-నియాన్ లేజర్‌తో టేబుల్ మీద మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ కట్టుకున్నారు (లేజర్ వెలుగుని బీమ్ స్ప్లిటర్ అనే సగం అద్దంతో రెండుగా చీల్చి, ఒకదాన్ని ప్లేటు మీదికి, రెండోదాన్ని రిఫరెన్స్ అద్దం మీదికి పంపి, తిరిగొచ్చిన రెండిటినీ కలిపి కదలికను చదివే అమరిక). ప్లేటు వెనక 5 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ ప్రోబ్ అంటించి, ముందువైపు లేజర్ వేసి ఆ కదలికను చదువుతున్నారు. అద్దంలా బఫింగ్ చేసిన అల్యూమినియం ప్లేటు మీద ఫ్రింజ్ (రెండు బీమ్‌లు కూడినప్పటికీ, రద్దైనప్పటికీ మధ్య డిటెక్టర్ వోల్టేజ్ ఊగే మేర) 400 మిల్లీవోల్టులు, అల్ట్రాసౌండ్ సిగ్నల్ 6 మిల్లీవోల్టులు చక్కగా వచ్చాయి. అదే ప్రోబ్‌ని మిల్లింగ్ చేసిన ప్లేటుకి అంటిస్తే స్కోప్ (ఆసిలోస్కోప్) మీద ఏమీ లేదు. డిటెక్టర్ ముందు 25 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే డిటెక్టర్ మీద పడే వెలుగు పెరిగింది కానీ సిగ్నల్ మాత్రం రాలేదు. ఇప్పుడు 100 మిల్లీవాట్ల లేజర్ కొనాలా, ఫోటోరిఫ్రాక్టివ్ క్రిస్టల్ (వెలుగు పడితే లోపల హోలోగ్రామ్‌లా గీతలు రాసుకునే స్ఫటికం) కొనాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే రెండూ కొనకండి. మీకు కావాల్సింది బీమ్‌ని వెడల్పు చేసే ఒక బీమ్ ఎక్స్‌పాండర్, ఒక మామూలు లెన్స్, చిన్న సిగ్నల్‌ని పెంచే ఒక ప్రీయాంప్, కొంచెం ఓపిక. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ మనకు సహజంగా తట్టే ఆలోచనే తప్పుదోవ పట్టిస్తుంది. నన్నూ పట్టించింది, ఒక నెల రోజులు.

మొదట మీ ప్లేటు సంగతి. మిల్లింగ్ ఫినిష్ అంటే డ్రాయింగుల్లో ఆర్ఏ (సగటు గరుకుదనం) 3.2 మైక్రాన్లు అని రాస్తారు చూడండి, దాదాపు అంత ఉంటుంది. వేలితో తడిమితే నున్నగానే అనిపిస్తుంది. కానీ మీ లేజర్ తరంగదైర్ఘ్యం 0.633 మైక్రాన్లు. కాంతికి ఒక ఉపరితలం అద్దంలా కనబడాలంటే దాని ఎగుడుదిగుళ్ళు తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు లోపు, అంటే 80 నానోమీటర్ల లోపు ఉండాలి. మీ ప్లేటు దానికి 40 రెట్లు గరుకు. అదే 5 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్‌కి అల్యూమినియంలో తరంగదైర్ఘ్యం సుమారు 1.26 మిల్లీమీటర్లు, దానికి ఈ 3 మైక్రాన్ల గీతలు లెక్కే కాదు. అంటే శబ్దం ప్లేటు ముందువైపుకి నిక్షేపంగా చేరుతోంది, ఉపరితలం మొత్తం ఒకటిగా లేచి పడుతోంది, బఫింగ్ ప్లేటు మీద ఎంత కదిలిందో ఇక్కడా దాదాపు అంతే కదులుతోంది. ఇబ్బంది అంతా వెలుగులోనే ఉంది. ఇది మొదట మనసులో పెట్టుకోండి, లేకపోతే ప్రోబ్ మార్చడం, ప్రోబ్‌కీ ప్లేటుకీ మధ్య రాసే కప్లెంట్ జెల్ మార్చడం, ప్రోబ్‌ని నడిపే పల్సర్ వోల్టేజ్ పెంచడం అంటూ రోజులు గడిచిపోతాయి.

ఎంత కదులుతోంది అన్నది మీ లెక్కల్లోంచే తీయొచ్చు. ఫ్రింజ్ మధ్యలో పని చేస్తున్నప్పుడు కదలిక అంటే తరంగదైర్ఘ్యం ఇంటూ సిగ్నల్ వోల్టేజ్, దాన్ని రెండు పై ఇంటూ ఫ్రింజ్ వోల్టేజ్‌తో భాగించాలి. 633 నానోమీటర్లు, 6 మిల్లీవోల్టులు, 400 మిల్లీవోల్టులు వేస్తే ఒకటిన్నర నానోమీటర్ వస్తుంది. మనం వేటాడుతున్నది ఆ ఒకటిన్నర నానోమీటర్‌నే. ఈ లోపు మీ గదిలో ఏసీ, కింద రోడ్డు మీద లారీ, పక్క గదిలో వాక్యూమ్ పంప్ కలిసి అదే ప్లేటుని మైక్రాన్ల కొద్దీ ఊపుతుంటాయి. దాని గురించి తర్వాత.

ఇప్పుడు ఒక పని చేయండి. గదిలో లైట్లు తీసేసి, రిఫరెన్స్ అద్దానికి ఒక నల్ల కాగితం అడ్డం పెట్టి, డిటెక్టర్ ఉన్న చోట లెన్స్ తీసేసి తెల్ల కాగితం పట్టుకోండి. బఫింగ్ ప్లేటుకి ఒక గుండ్రటి ఎర్ర మచ్చ కనబడుతుంది. మిల్లింగ్ ప్లేటుకి కాగితమంతా రవ్వలు రవ్వలుగా, వెలుగూ చీకటీ కలిసిన చుక్కలు కనబడతాయి. అదే స్పెకిల్. ప్లేటు మీద లేజర్ మచ్చ కింద ఉన్న ఒక్కో గుట్ట నుంచి, ఒక్కో గుంట నుంచి బయలుదేరిన వెలుగు కాగితం మీద కలిసి, కొన్ని చోట్ల కూడి, కొన్ని చోట్ల రద్దై ఏర్పడినవి ఆ చుక్కలు. ముఖ్యమైన సంగతేమిటంటే ఒక చుక్కలో ఫేజ్ (అల ఏ క్షణాన లేస్తుందో, ఏ క్షణాన పడుతుందో) ఒకటి, పక్క చుక్కలో ఫేజ్ ఇంకోటి, వాటికీ వీటికీ పొత్తు లేదు.

కోలాటం చూశారుగా, ఇరవై మందీ ఒకే తాళానికి కొడితే వీధి చివరికి వినబడుతుంది. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు కొడితే కర్రల గోల తప్ప తాళం వినబడదు. ఇంకో వందమందిని తెచ్చి నిలబెట్టినా గోల పెరుగుతుంది, తాళం రాదు. మీ పెద్ద లెన్స్ చేసింది అదే.

లెక్కలో చెప్పాలంటే, లెన్స్‌లోకి వంద స్పెకిల్స్ వచ్చాయనుకోండి. ఒక్కోటి రిఫరెన్స్ బీమ్‌తో కలిసి ఒక్కో ఫ్రింజ్ ఇస్తుంది, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఇంకోటి అటూ ఇటూ కాకుండా. అన్నీ ఒకే డిటెక్టర్ మీద కలిస్తే మొత్తం ఫ్రింజ్ వంద రెట్లు కాదు, పది రెట్లే పెరుగుతుంది. కానీ ఆ వంద స్పెకిల్స్ మీదా రిఫరెన్స్ వెలుగు కూడా పడాలి కదా, దాని షాట్ నాయిజ్ (వెలుగు కణాలు కణాలుగా రావడం వల్ల ఎప్పుడూ ఉండే గోల) కూడా సరిగ్గా పది రెట్లు పెరుగుతుంది. పెరిగింది ఇక్కడా పదే, అక్కడా పదే. ఒక్క స్పెకిల్ పట్టుకున్నా, పది వేలు పట్టుకున్నా సిగ్నల్-నాయిజ్ నిష్పత్తి సగటున ఒకటే. రిఫరెన్స్ బీమ్ తాకని స్పెకిల్స్ అయితే ఇంకా దండగ, వాటి వెలుగు డిటెక్టర్ డీసీ లెవెల్ (నిలకడగా ఉండే వోల్టేజ్) పెంచి మనల్ని మురిపిస్తుందంతే. మీకు 'వెలుగు పెరిగింది' అనిపించింది అందుకే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'ఎంత వెలుగు పోగు చేశాను' అని కాదు. 'ఒక్క స్పెకిల్‌లో ఎంత వెలుగు ఉంది' అని.

మీ సెటప్‌కే లెక్క వేద్దాం. లెన్స్ లేకుండా నేరుగా పడుతున్న హీలియం-నియాన్ బీమ్ 0.8 మిల్లీమీటర్లు అనుకుందాం, మామూలుగా అంతే ఉంటుంది. స్పెకిల్ సైజు అంటే తరంగదైర్ఘ్యం ఇంటూ దూరం బై మచ్చ వ్యాసం. ప్లేటు నుంచి మీ లెన్స్ 200 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుంటే ఒక్కో స్పెకిల్ 0.16 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల లెన్స్‌లోకి దాదాపు 20 వేల స్పెకిల్స్ వస్తాయి. ప్లేటు వెలుగుని అన్ని వైపులకీ సమానంగా చిమ్ముతుందనుకుంటే, బీమ్ స్ప్లిటర్‌లో పోయేది పోగా లెన్స్‌లోకి వచ్చేది 5 మైక్రోవాట్లు. దాన్ని 20 వేలతో భాగించండి: ఒక్కో స్పెకిల్‌లో పావు నానోవాట్! బఫింగ్ ప్లేటు మీద మొత్తం 1.25 మిల్లీవాట్లు ఒకే ఫేజ్‌తో తిరిగొచ్చేవి. ఫ్రింజ్ అనేది వెలుగు వర్గమూలంతో పాటు మారుతుంది కాబట్టి 400 మిల్లీవోల్టులు కాస్తా 0.2 మిల్లీవోల్టులకి పడిపోతాయి. ఒకటిన్నర నానోమీటర్‌కి వచ్చే సిగ్నల్ 3 మైక్రోవోల్టులు. స్కోప్ మీద కనబడకపోవడంలో వింత ఏముంది. మిల్లింగ్ ప్లేటు నిజానికి నేరుగా వెనక్కి కాస్త ఎక్కువే పంపుతుంది, అందుకని మీకు ఇంతకంటే కొంచెం నయంగా ఉండొచ్చు, కానీ కథ మారదు.

ఇప్పుడు మందు. మచ్చ చిన్నది చేయండి. మచ్చ ఎంత చిన్నదైతే స్పెకిల్ అంత పెద్దదవుతుంది, అదే వెలుగు తక్కువ స్పెకిల్స్‌లోకి సర్దుకుంటుంది. బీమ్‌ని 5 రెట్లు విస్తరించి 4 మిల్లీమీటర్లు చేయండి, బీమ్ స్ప్లిటర్‌కీ ప్లేటుకీ మధ్య 100 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ లెన్స్ పెట్టి ఫోకస్ చేయండి. మచ్చ సుమారు 20 మైక్రాన్లు వస్తుంది. అప్పుడు లెన్స్ దగ్గర స్పెకిల్ సైజు 3 మిల్లీమీటర్లు, అంటే మీ రిఫరెన్స్ బీమ్ అంత! వెనక్కి వచ్చే వెలుగులో ఒకే ఒక్క స్పెకిల్ రిఫరెన్స్ మీద అచ్చంగా కూర్చుంటుంది. మిగతావాటిని, రంధ్రం పెద్దదీ చిన్నదీ చేసుకోగల తెర అయిన ఐరిస్‌తో కోసేయండి, జాలి పడకండి. ఆ ఒక్కదానిలో 0.4 మైక్రోవాట్లు ఉంటాయి. పావు నానోవాట్ ఎక్కడ, 0.4 మైక్రోవాట్ ఎక్కడ, 1600 రెట్లు. ఫ్రింజ్ 40 రెట్లు పెరిగి 8 మిల్లీవోల్టుల దగ్గరికి వస్తుంది. డిటెక్టర్ మీద పడే మొత్తం వెలుగు తగ్గినా సిగ్నల్ పెరుగుతుందన్నమాట, నాకు మొదటిసారి ఇది కళ్ళారా చూసేదాకా నమ్మబుద్ధి కాలేదు.

దీంతో పోల్చితే 100 మిల్లీవాట్ల లేజర్ ఏం చేస్తుంది? పవర్ 20 రెట్లు పెరిగితే సిగ్నల్-నాయిజ్ నాలుగున్నర రెట్లు పెరుగుతుంది, అది కూడా రిఫరెన్స్ వెలుగుకి డిటెక్టర్ సాచురేట్ కాకుండా ఉంటే. రెండు లెన్సులతో 40 రెట్లు వస్తుంటే లేజర్ కోసం డబ్బు ఎందుకు?

చిన్న మచ్చకి ఇంకో లాభం ఉంది. రేపు మీరు సర్ఫేస్ వేవ్స్ చూడాలనుకుంటే 5 మెగాహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో వాటి తరంగదైర్ఘ్యం 0.6 మిల్లీమీటర్ల లోపే. మీ 0.8 మిల్లీమీటర్ల మచ్చ కింద ఒక వైపు పైకి లేస్తుంటే ఇంకో వైపు కిందికి దిగుతుంటుంది, సగటు తీస్తే సున్నా. వెనక నుంచి నిటారుగా వచ్చే తరంగానికి ఈ గొడవ లేదు కాబట్టి మీకింకా తగల్లేదు.

నష్టాలూ ఉన్నాయి. 20 మైక్రాన్ల మచ్చ అంటే ఫోకస్ లోతు అటు అర మిల్లీమీటర్, ఇటు అర మిల్లీమీటర్. ప్లేటు కొంచెం వంగి ఉండి, స్టేజ్ మీద జరుపుతూ పోతే ఫోకస్ తప్పుతుంది. రెండోది అదృష్టం మీద ఆధారపడటం. స్పెకిల్ వెలుగు సగటు చుట్టూ గుమిగూడి ఉండదు, చీకటి స్పెకిల్సే ఎక్కువ. సగటులో ఐదో వంతు కంటే తక్కువ వెలుగున్న చోట పడే అవకాశం దాదాపు 18 శాతం, అంటే ఐదారు సార్లలో ఒకసారి మీరు గోతిలో పడతారు. అలా పడితే సెటప్‌లో తప్పు వెతకొద్దు, ప్లేటుని ఒక పాతిక మైక్రాన్లు పక్కకి జరపండి. మైక్రోమీటర్ మరని కొంచెం తిప్పితే చాలు. నేను డీసీ ఫ్రింజ్ చూస్తూ, ఎడమ చేత్తో ఆ మరని వెంట్రుకవాసి తిప్పుతూ, ఫ్రింజ్ గుప్పున పెరిగిన చోట ఆగుతాను. పాత రేడియోలో స్టేషన్ పట్టినట్టే. మా దగ్గర కొత్తగా చేరిన ఒక అబ్బాయి సాయంత్రం దాకా అద్దాలన్నీ మళ్ళీ మళ్ళీ అలైన్ చేసి, టెన్షన్ పడి, చివరికి విసుగొచ్చి టేబుల్‌కి చెయ్యి ఆనించాడు. ప్లేటు కదిలింది, సిగ్నల్ వచ్చేసింది. వాడికి అప్పట్నుంచి అలైన్‌మెంట్ కంటే ముందు మర తిప్పడం అలవాటైంది.

8 మిల్లీవోల్టుల ఫ్రింజ్ మీద ఒకటిన్నర నానోమీటర్ అంటే సిగ్నల్ 0.12 మిల్లీవోల్టులు. దీన్ని నేరుగా స్కోప్‌లో చూడాలని ప్రయత్నించకండి, స్కోప్ సొంత నాయిజే దాన్ని మింగేస్తుంది. డిటెక్టర్ పక్కనే, పొట్టి కేబుల్‌తో, డీసీని ఆపేసి మెగాహెర్ట్జ్‌ని పంపే వంద రెట్ల ప్రీయాంప్ పెట్టండి. 0.4 మైక్రోవాట్లతో, 10 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో షాట్ నాయిజ్ లెక్క కడితే పావు నానోమీటర్ లోపే వస్తుంది, కాబట్టి ఒకటిన్నర నానోమీటర్ ఒక్క షాట్‌లోనే తల ఎత్తాలి. ఆ మాట రిఫరెన్స్ బీమ్ బలంగా ఉండి, ప్రీయాంప్ నాయిజ్ దానికంటే కింద ఉన్నప్పుడే. రిఫరెన్స్‌ని అనవసరంగా తగ్గించొద్దు.

ఇప్పుడు ఆ లారీలూ ఏసీల సంగతి. ఇక్కడే నా నెల రోజులు పోయాయి. సిగ్నల్ సన్నగా ఉంది కదా అని స్కోప్‌లో 256 సార్లు యావరేజ్ పెట్టాను. స్కోప్ మీద నున్నటి గీత వచ్చింది, అసలేమీ లేని గీత. 1024 పెట్టాను, ఇంకా నున్నగా వచ్చింది. ప్రోబ్ పాడైందనుకున్నాను, పల్సర్ పాడైందనుకున్నాను, ఇంకో చోట నుంచి ప్రోబ్ అడిగి తెచ్చుకున్నాను. చివరికి ఒక రోజు యావరేజ్ తీసేసి ఒక్కో షాట్ ఆపి చూస్తే సిగ్నల్ అక్కడే ఉంది! ఒకసారి మొదటి శిఖరం పైకి, ఇంకోసారి కిందికి, మరోసారి అసలే లేదు. గది కంపనం వల్ల ఇంటర్‌ఫెరోమీటర్ ఫ్రింజ్ ఎక్కే వైపు ఉంటే సిగ్నల్ నిటారుగా, దిగే వైపు ఉంటే తలకిందులుగా, శిఖరం మీద ఉంటే మాయం. అన్నీ కలిపి సగటు తీస్తే ఒకదాన్నొకటి చంపుకున్నాయి. యావరేజ్ వల్ల నాయిజ్ తగ్గుతుందని చదువుకున్న మనకి, సిగ్నల్ కూడా తగ్గుతుందని ఎవరూ చెప్పరు.

కాబట్టి యావరేజ్ కంటే ముందు ఫ్రింజ్‌ని నిలబెట్టండి. రిఫరెన్స్ అద్దాన్ని పీజో (వోల్టేజ్ ఇస్తే రవ్వంత సాగే ముక్క) మీద ఎక్కించి, డిటెక్టర్ డీసీని ఫిల్టర్ చేసి తిప్పి పీజోకి ఇచ్చి, ఫ్రింజ్ మధ్యలోనే ఉండేలా లాక్ చేస్తారు. ఒక కిలోహెర్ట్జ్ దాకా పని చేస్తే గది కంపనాలకు చాలు, 5 మెగాహెర్ట్జ్ దానికి అందదు కాబట్టి సిగ్నల్ క్షేమం. అంత సర్క్యూట్ కట్టే టైమ్ లేకపోతే మోటు పద్ధతి ఒకటుంది: ప్రతి షాట్‌నీ డీసీ లెవెల్‌తో సహా విడివిడిగా సేవ్ చేసుకోండి, డీసీ మధ్యలో ఉన్న షాట్లు మాత్రమే ఏరి సగటు తీయండి. ఎక్కేదా దిగేదా అన్నది షాట్‌కి ముందు డీసీ ఎటు పోతోందో చూస్తే తెలియదు, ప్లేటు ఏ దిశలో కదులుతోందో మనకి తెలియదు కదా. దానికి మొదటి శిఖరం పైకో కిందికో చూసి, తలకిందులుగా ఉన్నవాటిని తిప్పి కలపాలి. ఇలా 64 మంచి షాట్లు ఏరితే నాయిజ్ ఎనిమిదో వంతుకి దిగుతుంది, మీ థీసిస్ ప్లాట్‌కి అది చాలు.

ఉపరితలానికే ఏదైనా పూయొచ్చా అని చాలామంది అడుగుతారు. పూయొచ్చు, మీ పని 'గరుకు మీద కొలవడం' కాకుండా 'ఎలాగైనా కొలవడం' అయితే. లారీల వెనక అంటించే రిఫ్లెక్టివ్ టేప్ లాంటిది చిన్న ముక్క అంటిస్తే వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది, వందల కిలోహెర్ట్జ్ దాకా బాగుంటుంది. మెగాహెర్ట్జ్‌కి వచ్చేసరికి గాజు పూసలూ, జిగురూ కలిసి ఒక మెత్తటి పరుపులా మారి కదలికను మింగేస్తాయి, మీ 5 మెగాహెర్ట్జ్‌కి వద్దు. పగుళ్ళు పట్టే డై పెనెట్రెంట్ (డీపీ) టెస్ట్‌లో వాడే తెల్ల డెవలపర్ స్ప్రే నల్లటి జాబ్ (పరీక్షించే ముక్క) మీద వెలుగు పెంచుతుంది, పలచగా కొట్టినంత వరకే. దట్టంగా కొడితే ఆ పొడి లోహంతో పాటు కదలదు. మిల్లింగ్ అల్యూమినియం ఎలాగూ తెల్లగా మెరుస్తుంది కాబట్టి మీకు లాభం సున్నా. పోత పోసిన ఇనుముకైతే ఆలోచించండి.

ఇక ఫోటోరిఫ్రాక్టివ్ క్రిస్టల్ విషయం. అది మంచి వస్తువే, ఇప్పుడు మీకొద్దు అన్నాను గానీ ఎందుకు మంచిదో తెలియాలి. చెప్పులు కుట్టేవాళ్ళు కాగితం మీద కాలు పెట్టించుకుని చుట్టూ గీత గీసి, ఆ ఆకారానికే తోలు కోస్తారు కదా. మైకెల్సన్‌లో మనం చేసేది రెడీమేడ్ చెప్పులో వంకర కాలు దూర్చడం: రిఫరెన్స్ బీమ్ చదునుగా ఉంటుంది, ప్లేటు నుంచి వచ్చేది వేల స్పెకిల్స్‌తో ముడతలు ముడతలుగా ఉంటుంది. ఫోటోరిఫ్రాక్టివ్ క్రిస్టల్‌లో స్పెకిల్ వెలుగూ, శుభ్రమైన పంప్ బీమూ కలిసి లోపల ఒక గ్రేటింగ్ (సన్నటి గీతల అల్లిక) రాస్తాయి, హోలోగ్రామ్‌లా. పంప్ వెలుగు ఆ గ్రేటింగ్ మీద వంగి బయటికి వచ్చేటప్పుడు స్పెకిల్ ఆకారాన్నే తొడుక్కుని వస్తుంది. కాలికి కొలిచి కుట్టిన చెప్పు. ఇప్పుడు వేల స్పెకిల్సూ ఒకే తాళానికి కొడతాయి, పెద్ద లెన్స్‌కి అప్పుడు విలువ వస్తుంది. ఇంకో వరం ఏమిటంటే గది కంపనాల్లాంటి నిదానమైన మార్పులకి గ్రేటింగ్ తనే మళ్ళీ మళ్ళీ రాసుకుంటూ సర్దుకుంటుంది. అల్ట్రాసౌండ్ దానికి అందనంత వేగం కాబట్టి అది మాత్రమే సిగ్నల్‌గా మిగులుతుంది. దీన్ని అల్ట్రాసౌండ్‌కి వాడొచ్చని ఇంగ్, మోన్షలాన్ అనే పరిశోధకులు 1991లో చూపించారు. బిస్మత్ సిలికాన్ ఆక్సైడ్, గాలియం ఆర్సెనైడ్, ఇనుము కలిపిన ఇండియం ఫాస్ఫైడ్, బేరియం టైటనేట్, ఇలా క్రిస్టల్స్ చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో తరంగదైర్ఘ్యం, ఒక్కో వేగం. చిక్కల్లా ఇక్కడే: మీ 5 మిల్లీవాట్లలో చిమ్మిపోగా మిగిలిన మైక్రోవాట్లతో ఇది రాణించదు, కొన్నిటికి కిలోవోల్టుల ఫీల్డ్ కూడా కావాలి, జాబ్ వేగంగా కదులుతుంటే గ్రేటింగ్ రాసుకునేలోపే స్పెకిల్ మారిపోతుంది. లేజర్, క్రిస్టల్, హై వోల్టేజ్ సప్లై అన్నీ కలిపి కొంటేనే అర్థం, ఒక్క క్రిస్టల్ కొనుక్కుని బీరువాలో పెట్టుకున్న ల్యాబ్‌లు నాకు తెలుసు.

అదే మోన్షలాన్ కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నుంచి 1985లోనే కన్ఫోకల్ ఫాబ్రీ-పెరో పద్ధతి ప్రచురించారు. దానిలో రిఫరెన్స్ బీమే లేదు. రెండు పుటాకార అద్దాల మధ్య వెలుగు తన పాత వెలుగుతో తానే కలుస్తుంది, స్పెకిల్ ఏ ఆకారంలో ఉన్నా తన ఆకారం తనకి సరిపోతుంది కదా. కదిలే ఉపరితలం వెలుగు ఫ్రీక్వెన్సీని కొద్దిగా మారుస్తుంది, ఆ మార్పుని అద్దాల జంట తీవ్రతగా మార్చి ఇస్తుంది. ఒకటి రెండు మెగాహెర్ట్జ్‌ల కింద దీనికి చూపు ఆనదు, పైన బాగుంటుంది. అమెరికాలో ఒహాయోలోని టింకెన్ కర్మాగారంలో ఎర్రగా కాలుతున్న అతుకులేని ఉక్కు గొట్టాల మందం కొలవడానికి లేజర్ అల్ట్రాసోనిక్స్ పెట్టింది కెనడా వాళ్ళ ఈ పని నుంచే. సుమారు 1000 డిగ్రీల దగ్గర ఉన్న గొట్టానికి ప్రోబ్ ఎవరు ఆనిస్తారు, జెల్ ఎక్కడ నిలుస్తుంది? అలాంటి చోట ఖర్చుకి అర్థం ఉంటుంది. అక్కడి డిటెక్షన్ లేజర్లు కూడా మన టేబుల్ లేజర్లు కావు, కొన్ని పదుల మైక్రోసెకన్ల పాటు వందల వాట్ల నుంచి కిలోవాట్ దాకా ఇచ్చే పల్స్ లేజర్లు.

మూడో దారి, స్పెకిల్స్‌ని ఒకే డిటెక్టర్ మీద కలపకుండా చిన్న చిన్న డిటెక్టర్ల వరస మీద విడివిడిగా పట్టుకుని, ఒక్కోదాని సిగ్నల్ తీసి, తలకిందులుగా ఉన్నవాటిని తిప్పి, తర్వాత ఎలక్ట్రానిక్స్‌లో కలపడం. వెలుగుగా కలిపితే చంపుకునేవి, కొలిచాక కలిపితే కూడతాయి. ఇది నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన పద్ధతి, క్రిస్టల్ నఖరాలు లేవు కాబట్టి.

'మా డిపార్ట్‌మెంట్‌లో లేజర్ డాప్లర్ వైబ్రోమీటర్ ఉంది, అది వాడొచ్చా' అని కూడా అడిగారు. వాడండి. దానిలో బ్రాగ్ సెల్ అని ఒకటి ఉంటుంది, రెండు బీమ్‌లలో ఒకదాని ఫ్రీక్వెన్సీని మామూలుగా 40 మెగాహెర్ట్జ్ జరుపుతుంది, దానివల్ల నేను పైన చెప్పిన తలకిందుల గొడవ పూర్తిగా పోతుంది, యావరేజ్ ధైర్యంగా పెట్టొచ్చు. కానీ స్పెకిల్ బాధ పోదు, అది కూడా ఒక స్పెకిల్ మీద బతికేదే, మరని పాతిక మైక్రాన్లు తిప్పే విద్య అక్కడా కావాలి. దాని డీకోడర్ 5 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుందో లేదో ముందు మాన్యువల్‌లో చూడండి, చాలా వాటికి అంత ఉండదు. (ఆ బ్రాగ్ సెల్ వెనక ఉన్న భౌతికశాస్త్రం, అంటే అల్ట్రాసౌండ్ వల్ల కాంతి వంగడం, దానికి 1935–36లో సిద్ధాంతం రాసింది సి.వి. రామన్, నాగేంద్రనాథ్. రామన్ శిష్యుడు సూరి భగవంతం గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇదే రంగంలో పని చేశారు. మనవాళ్ళు అప్పుడు శబ్దంతో కాంతిని వంచారు, మీరు ఇప్పుడు కాంతితో శబ్దాన్ని పడుతున్నారు.)

తర్వాతి దశలో ప్రోబ్ తీసేసి పల్స్ లేజర్‌తోనే అల్ట్రాసౌండ్ పుట్టించాలని ఉందన్నారు. అప్పుడు రెండు మాటలు. ఆ పల్స్ వెలుగు చిమ్మి డిటెక్టర్‌లోకి వచ్చి మొదటి కొన్ని మైక్రోసెకన్లు గుడ్డిదాన్ని చేస్తుంది, 633 నానోమీటర్లకి మాత్రమే దారిచ్చే ఫిల్టర్ డిటెక్టర్ ముందు పెట్టండి. రెండోది కళ్ళు. 1064 నానోమీటర్ల పల్స్ కంటికి కనబడదు, గరుకు ప్లేటు మీద నుంచి అన్ని వైపులకీ చిమ్ముతుంది, 'నేను బీమ్‌కి ఎదురుగా లేనుగా' అన్న ధీమా పనికిరాదు. గాగుల్స్ ఆ తరంగదైర్ఘ్యానికి పనికొచ్చేవేనా అని గాజు మీద రాసింది చదివి పెట్టుకోండి, ఎర్ర లేజర్ కోసం కొన్నవి దీనికి పనికిరావు. ఇది ఎవరితోనూ బేరమాడాల్సిన విషయం కాదు.

ఈ వారం చేయాల్సింది మాత్రం చిన్నదే. ఎక్స్‌పాండర్ పెట్టండి, ప్లేటు ముందు 100 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టండి, ఐరిస్‌ని 3 మిల్లీమీటర్లకి మూయండి, రిఫరెన్స్ అద్దాన్ని వేలితో సున్నితంగా నొక్కుతూ డీసీలో ఫ్రింజ్ ఎంత ఊగుతోందో చూడండి. పది వేర్వేరు చోట్ల చూసి పది అంకెలూ మిల్లీవోల్టుల్లో ఇక్కడ రాయండి. ఒకటి రెండు 4 లోపు, ఒకటి రెండు 11 దాటి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. పదీ 1 లోపే ఉంటే ఫోకస్ ప్లేటు మీద లేదు, లెన్స్‌ని అటూ ఇటూ జరుపుతూ కాగితం మీద చుక్కలు ఎక్కడ బాగా పెద్దవవుతాయో ఆ చోట ఆపి మళ్ళీ చూడండి.